కోరంగి: రేవు పూడి అడవి అయిన కథ

గుడిమల్కాపూరులో కూర్చున్నవాడికి సముద్రంతో పనేమిటని చదువరులు అడగవచ్చు. మా పేటకు చేరువలో నీరంటూ ఉంటే అది మూసీ ఒక్కటే. దానిని నీరని పిలవడానికి కూడా ఇప్పుడు కొంత ధైర్యం కావాలి. తెల్లవారుజామున పూలమండీకి వచ్చి దిగే బంతి, చామంతి బుట్టలను మినహాయిస్తే ఇక్కడ ప్రకృతి అని చెప్పుకోదగినది పెద్దగా లేదు. అయినప్పటికీ చరిత్ర కొంచెం తిరగవేసినవాడు మా పేటను సముద్రానికి సంబంధం లేని చోటు అనలేడు. మాకు ఆనుకొని కార్వాన్ ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల బేరగాళ్లు దిగిన పేట అది. పేరులోనే బిడారు ఉన్నది. గోలకొండ సరుకు ఆ బిడారుల మీదనే తూర్పుతీరానికి, మచిలీపట్నం రేవుకు చేరేది. అక్కడి నుండి పారశీక దేశానికీ, అటు మలయా ద్వీపాలకూ పోయేది. అంటే మా ఇంటి వెనుక బాట ఒకప్పుడు సముద్రపు బాట.

ఆ సముద్రం హైదరాబాదు చేయి జారిన తీరు కూడా చెప్పుకోవలసినదే. ఉత్తర సర్కారులను నిజాం ప్రభువు 1753లో ఫ్రెంచివారికి, బుస్సీ సైన్యపు ఖర్చుల నిమిత్తం, ఇచ్చివేశాడు. అయిదారేళ్లలోనే ఆంగ్లేయులు వారిని వెళ్లగొట్టారు. 1765లో క్లైవు ఢిల్లీ పాదుషా వద్ద సర్కారులకు ఫర్మానా సంపాదించాడు. 1766 నవంబరులో నిజాం అలీఖాన్ ఆ ఏర్పాటుకు సంధిపత్రంలో ఒప్పుకొన్నాడు, ఏటా పేష్కషు పుచ్చుకొనే షరతు మీద. 1823లో ఆ పేష్కషును కూడా ఒకేసారి సొమ్ము చెల్లించి కుంపిణీవారు మాపుకొన్నారు. శ్రీకాకుళం నుండి గుంటూరు దాకా ఉన్న తీరమంతా అలా కాగితాల మీద పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైదరాబాదుకు మళ్లీ సముద్రం వచ్చింది; 2014లో మళ్లీ పోయింది. రాజ్యాల సరిహద్దులు ఎలా ఉన్నా, రాత్రి సికింద్రాబాదు వైపున గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు తెల్లవారేసరికి కాకినాడలో దిగుతాడు. రైలుకు పెట్టిన పేరు కూడా, మనం ఇప్పుడు పోబోయే చోటిని నిర్మించిన నదీపాయదే.

ఈ ముచ్చట ఎందుకు మొదలయిందో చెబుతాను. నార్వేలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు అక్కడి తీరవనాల ఛాయాచిత్రాలు పంపించి, మాస్టారూ, మనవైపు ఇటువంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆ దేశం 2009లో స్వీడన్ సరిహద్దు చేరువన ఇట్రె హ్వాలెర్ అనే చోట తన మొదటి సముద్ర జాతీయోద్యానాన్ని నెలకొల్పుకొన్నది. అందులో నేల కంటే నీరే చాలా ఎక్కువ. సాగు చేయని నేల మీద, తీరం వెంబడి, ఎవరైనా నడిచిపోవచ్చునని వారికి 1957 నుండి రాతపూర్వకమైన చట్టం ఉన్నది. అంతకుముందు అది వాడుక. చిత్రాలు చూశాను. నల్లని రాతి దిబ్బలు, వాటి మధ్య గాజువంటి నీరు, దూరాన ఎర్రరంగు వేసిన కొయ్య ఇళ్లు. అందమే, కాదనను. కాని ఆ రాతికి ఆకారం వచ్చినది మంచుయుగంలో. హిమానీనదాలు కోసిపెట్టి వెళ్లినది. మనది అటువంటి తీరం కాదు. మన తీరాన్ని బురద కట్టింది. బురద కట్టిన తీరానికి చరిత్ర చాలా వేగంగా నడుస్తుంది. ఒక్క మనిషి జీవితకాలంలో భూపటం మారిపోతుంది. దానికి నేను వానికి చూపదలచిన సాక్ష్యం కోరంగి.

కాకినాడ నుండి దక్షిణంగా యానాం వెళ్లే బాటలో, ఇరవై కిలోమీటర్ల లోపున, కోరంగి అభయారణ్యం ఉంటుంది. 2022లో జిల్లాలను పునర్విభజించిన తరువాత అది కాకినాడ జిల్లాలోనిది; అంతకుముందు తూర్పుగోదావరి. 1978లో ప్రభుత్వం దీనిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 236 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద మడ అడవులలో ఇది ఒకటి. చెట్ల మధ్య నుండి కొయ్యపలకల బాట వేశారు. దాని మీద నడుస్తూ కింద బురదలో ఎండ్రకాయల పరుగులు, బురదమట్టల గెంతులు చూడవచ్చు. పాయలో పడవలు ఉంటాయి. సెలవురోజున బస్సుల మీద పిల్లలు వస్తారు, ఫోటోలు తీసుకొంటారు, ఆదిమకాలం నాటి అడవి చూశామనుకొని వెళ్లిపోతారు. అక్కడ తగిలించిన పలకల మీద పక్షుల పేర్లు, చెట్ల పేర్లు ఉంటాయి. అడవి కింద ఉన్న చరిత్రను మాత్రం అవి చెప్పలేవు.

అసలు ఈ తీరాన్ని చూడడానికి జనం బయలుదేరడం 1978 తరువాత వచ్చిన అలవాటు కాదు. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని, ఒక్కొక్క పాయను ఒక్కొక్క ఋషి తీసుకొనిపోయాడని మనవారి నమ్మకం. తుల్యభాగ చొల్లంగి వద్ద, ఆత్రేయ కోరంగి వద్ద, అలా వరుసగా దక్షిణానికి దిగుతూ, వసిష్ఠ అంతర్వేది వద్ద. ఈ ఏడు సంగమాలలోనూ స్నానమాడడమే సప్తసాగర యాత్ర. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో మొదలుపెట్టి అంతర్వేదికి చేరేవారు. చొల్లంగి అమావాస్య అంటే నేటికీ ఆ ప్రాంతంలో తెలియనివారు లేరు. మోకాటి లోతు బురదలు, పడవ రేవులు, ఉప్పుటేరులు దాటుతూ తీరం పొడుగునా సాగే ఈ నడకకు మించిన ప్రకృతి విహారం మరే దేశంలో ఉన్నదో నాకు చెప్పండి! దానికి మనవారు పుణ్యమని పేరు పెట్టుకొన్నారు, అంతే తేడా. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో కీర్తించిన దక్షారామం కూడా ఈ మండలంలోనిదే.

కోరంగి అనే పేరును గురించి రెండు మాటలు. స్థలకథ దానిని కురంగంతో, అంటే జింకతో, ముడిపెట్టి మారీచుని మాయలేడి దాకా తీసుకొనిపోతుంది. కాల్డ్వెల్ వంటి పండితులు కళింగ శబ్దానికి ఇది వికృతి అన్నారు. గ్రీకు, రోమను రచయితలు చెప్పిన కళింగుల అగ్రం ఇదేనన్నారు. రెండవదే నాకు సరిపడుతుంది. మలయా దేశంలో మనవారిని కెలింగులు అని పిలిచే వాడుక ఉండనే ఉన్నది. అయితే స్థలకథలను చిన్నచూపు చూడరాదు. ఊరిపేరుకు అర్థం తోచనప్పుడు జనం ఒక కథ కల్పించుకొని దానిని గుడిలో నిలబెట్టుకొంటారు. ఆ కథ ఆ ఊరు ఎంత పాతదో చెప్పే సాక్ష్యమే.

పద్దెనిమిదవ శతాబ్దిలో ఇది ఎంత సందడిగల తావో ఊహించడానికి చుట్టుపట్ల ఊళ్లను లెక్కపెట్టుకొంటే చాలు. పక్కనే ఇంజరంలో ఆంగ్లేయుల వస్త్రాల కోఠీ. యానాంలో ఫ్రెంచివారు. ఇవతల జగన్నాథపురంలో, అంటే నేటి కాకినాడలో ఒక భాగంలో, డచ్చివారు. మాధవాయపాలెం నేత, నీలిపల్లి నేత ఐరోపా సంతలలో పేరుమోసినవి. ఈ మూడు జాతుల వారి ఓడలకూ కావలసినది ఒక లోతైన, గాలి తగలని పాయ. అది కోరంగి. మచిలీపట్నంలో ఓడ ఒడ్డుకు రాలేదు. మద్రాసులో అసలు రేవే లేదు, అలల మీద మసూలా పడవలలో దిగవలసినదే. ఆ రోజులలో కోరమాండల్ తీరం మొత్తం మీద పెద్ద ఓడను లోపలికి తెచ్చి మరమ్మతు చేయగల తావులలో కోరంగి ముఖ్యమైనది. తాళ్లరేవు దాకా ఓడలు కట్టే వడ్రంగులు ఉండేవారు. ఇక్కడికి దగ్గరలోనే సామర్లకోటలో 1781 నుండి విలియం రాక్స్‌బర్గు అనే వైద్యుడు తోట పెంచుతూ చెట్లను పరిశీలించాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన గ్రంథం 1795 మొదలు లండనులో వెలువడింది. అందులో చెట్ల తెలుగు పేర్లు కూడా నమోదై ఉన్నాయి. మన పల్లెవాసులు పెట్టుకొన్న పేర్లు లండను అచ్చు కూటంలో పడిన ఆ సంగతి తలచుకొన్నప్పుడల్లా నాకొక చిత్రమైన సంతోషం.

ఇక ఉప్పెన. ఈ మాటకు సరిదూగే మాట ఆంగ్లంలో ఏక పదంగా లేదు. రెండు మాటలు కలిపి వారు సరిపెట్టుకొంటారు. తుపాను పారశీకం మీదుగా వచ్చిన మాట. ఉప్పెన మాత్రం మన కట్టెదుట పుట్టినది. బంగాళాఖాతంలో గాలివాన సుడి తిరుగుతూ తీరానికి వచ్చేటప్పుడు దాని గర్భంలో వాయుపీడనం పడిపోయి నీటిమట్టం కొంత లేస్తుంది. అంతకు మించి, సుడికి కుడిపక్కన వీచే గాలి నీటిని ఒడ్డు మీదికి తోస్తుంది. తీరం లోతైనదైతే ఆ నీరు అడుగు నుండి వెనక్కు పోగలదు. మన గోదావరి, కృష్ణా ముఖాల వద్ద సముద్రం చాలా దూరం వరకు తేలికగా లోతవుతుంది కనుక నీటికి వెనుదారి లేదు, ముందుకే వస్తుంది. కోరంగి ఉన్నది అటువంటి చోట, పైగా అఖాతం మూలలో.

1787 మే నెలలో వచ్చిన ఉప్పెనను గురించి ఆ కాలపువారి ఉత్తరాలే ఉన్నాయి. 1789 డిసెంబరులో మరొకటి వచ్చినట్లు, మూడు పెద్ద అలలు వరుసగా లేచి మొదటిది ఓడలను మైదానం మీదికి విసరగా, తరువాతివి ఊరిని తుడిచిపెట్టినట్లు, ఇరవై వేలమంది మరణించినట్లు తరువాతి గ్రంథాలలో కనబడుతుంది. రెండేళ్ల తేడాలో రెండు ఘోరాలా, లేక ఒకే ఘోరానికి రెండు తేదీలు పడినవా అన్నది చరిత్రకారుల మధ్య నలుగుతున్న మాట. 1787 నాటిదానికి సమకాలీన సాక్ష్యం ఉన్నది కనుక నేను దానికే ఎక్కువ బరువు ఇస్తాను. ఎలా చూసినా ఊరు ఒకసారి పోయి మళ్లీ నిలిచింది. నిలబెట్టినది వ్యాపారం. లోతైన పాయ అలాగే ఉన్నది కదా, ఓడలు మళ్లీ వచ్చాయి.

1839 నవంబరు 25న మరొక ఉప్పెన. దీనిని గురించి ప్రపంచమంతటా ఒక లెక్క చెలామణిలో ఉన్నది: మూడు లక్షలమంది మరణించారని, ఇరవై వేల ఓడలు నాశనమయ్యాయని. ప్రపంచపు ఘోర తుపానుల పట్టిక ఎక్కడ వేసినా కోరంగి పేరు అందులో పై వరుసలలో ఉంటుంది. మిత్రులారా, ఈ అంకెను ఒకరి నుండి ఒకరు ఎత్తి రాసుకొంటూ వచ్చారే కాని ఆగి ఆలోచించినవారు తక్కువ. మూడు లక్షల జనం ఒక రేవు పట్టణంలో, దాని చుట్టూ ఉన్న లంకలలో ఆనాడు ఎక్కడ ఉన్నారు? ఆ శతాబ్దిలోనే ముప్పై ఏళ్ల తరువాత, ఆనకట్ట నీళ్లతో జిల్లా పచ్చబడిన పిమ్మట, 1871 జనాభా లెక్కలలో గోదావరి జిల్లా యావత్తుకూ సుమారు పదహారు లక్షలు. 1839లో అంతకంటే చాలా తక్కువ. ఆరేళ్ల ముందే కరవు జిల్లాను ఊడ్చివేసి ఉన్నది. ఒక్క రాత్రిలో మూడు లక్షలు పోతే జిల్లాలో మిగిలినది ఎంత? ఇరవై వేల ఓడల మాట మరీ విపరీతం. లంకవాసుల చిన్న దోనెలను కూడా లెక్కించుకొంటే తప్ప ఆ సంఖ్య నిలవదు. 1789 నాటి ఇరవై వేలమంది అన్న మాట ఎక్కడో జారి ఇరవై వేల ఓడలు అయి ఉంటుందని నా అనుమానం. నష్టం చిన్నదని నేను అనడం లేదు. మన మృతులను లెక్కించేటప్పుడు కూడా లెక్క సరిగా ఉండాలి. అప్పుడే వారు మనుషులుగా నిలుస్తారు, పట్టికలో అంకెగా కాదు.

ఈ ఉప్పెన నుండే లోకానికి మరొకటి దక్కింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఓడల మీద పనిచేసి ఒడ్డుకు చేరి, నావికుల తగవులు తీర్చే న్యాయస్థానంలో పదవి నిర్వహించినవాడు. ఆ తుపానులో చిక్కిన ఓడల దినచర్యలు సేకరించి, ఏ గంటకు ఏ ఓడకు గాలి ఏ దిక్కు నుండి వీచినదో గుర్తించి, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. కోరంగి తుపానే అందులో విషయం. గాలి నేరుగా పోవడం లేదు, చుట్టలు చుట్టుకొన్న పాములా తిరుగుతున్నదని ఆ పరిశీలనల వలన స్థిరపడింది. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఆయన దీనికి గ్రీకు నుండి ఒక పేరు చేసిపెట్టాడు: సైక్లోన్. నేడు రేడియోలో, దూరదర్శనంలో, చరవాణిలో ఆ మాట వినబడినప్పుడల్లా దాని పుట్టుకలో మన గోదావరి ముఖద్వారపు మృతులకు కూడా పాలున్నదని గుర్తుంచుకోవాలి. అదే పిడింగ్టన్ 1853లో, కలకత్తా దిగువన మాతలా నది మీద కొత్త రేవు కట్టవద్దని, ఉప్పెన వచ్చి ముంచుతుందని, గవర్నరు జనరలు డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. వినలేదు. కట్టారు. 1867లో ఉప్పెన వచ్చి ఆ రేవును తీసుకొనిపోయింది.

కాని కోరంగి రేవును చంపినది ఉప్పెన కాదు. ఈ మాట నేను నొక్కి చెప్పదలచుకొన్నాను. కథకు ఉప్పెన బాగుంటుంది కనుక అందరూ దానినే చెబుతారు. 1839 తరువాత కూడా కోరంగిలో ఓడలు ఆగాయి, మరమ్మతులు జరిగాయి, కూలీలు బర్మాకు ఎక్కారు. చంపినది బురద. ఆత్రేయ పాయ ఏటా ఒండ్రు తెచ్చి నోటిలో పోసుకొంటూ వచ్చింది. లోతు తగ్గింది. ఓడలు పెద్దవయ్యాయి, పొగ ఓడలు వచ్చాయి. వాటికి ఇంకా లోతు కావాలి. ఈలోగా గోదావరి ముఖం నుండి ఇసుక ఉత్తరానికి నాలుకలా సాగి అఖాతానికి అడ్డం పడి, దాని వెనుక ప్రశాంతమైన నీటిని కాకినాడకు అప్పగించింది. ఆ ఇసుక నాలుకే నేటి హోప్ ఐలాండ్. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల మీద పడవలలో ధాన్యం నేరుగా కాకినాడకు చేరసాగింది. 1860 దశకంలో అమెరికాలో అంతర్యుద్ధం జరిగి పత్తికి గిరాకీ పెరిగినప్పుడు లాభపడినది కూడా కాకినాడే. ఇరవయ్యవ శతాబ్ది మొదలయ్యేసరికి కోరంగి కొన్ని వేలమంది ఉన్న పల్లె.

పేరు మాత్రం ఓడలెక్కి వెళ్లిపోయింది. బర్మాలో తెలుగువారినందరినీ, వారు ఏ జిల్లా నుండి వచ్చినా, కోరంగీలు అన్నారు. రంగూను ఓడరేవులో మూటలు మోసినది, బియ్యపు మరలలో పనిచేసినది, రిక్షా లాగినది వారే. 1930 మేలో రేవు కూలి విషయమై అక్కడ చెలరేగిన అల్లర్లలో చచ్చినవారిలో అధికులు వారే. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు అడవులలో పడి నడిచివచ్చినవారిలోనూ వారున్నారు. మోరిషసు తెలుగువారి జ్ఞాపకాలలో కోరింగా ప్యాకెట్ అనే ఓడ ఉన్నది. ఆ పేరు గల ఓడ 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున పగడాల సముద్రంలో దిబ్బకు తగిలి పగిలింది. అక్కడి చిన్న దీవులకు కోరింగా దీవులని పేరు నిలిచింది. 1982లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ దీవులను, చుట్టూ ఉన్న సముద్రాన్ని కలిపి కోరింగా హెరాల్డ్ ప్రకృతి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. ఇప్పుడది అక్కడి పెద్ద సముద్రోద్యానంలో భాగం. అంటే కోరంగి పేరుతో సంరక్షణ కేంద్రాలు ప్రపంచంలో రెండయ్యాయి; ఒకటి బురద మీద, మరొకటి పగడం మీద. రెండూ పగిలినవాటి గుర్తులే.

ఇప్పుడు అడవిని చూద్దాం. మడచెట్టు కొత్త బురదను ఎక్కడ చూసినా అక్కడ కాలు పెట్టే చెట్టు. ఉప్పునీటిలో బతకగలదు. ఊపిరాడని బురదలో వేళ్లు ఎలా ఊపిరి పీల్చాలన్న చిక్కును రెండు విధాల తీర్చుకొన్నది. నల్లమడ, తెల్లమడ జాతులు బురదలో నుండి పైకి, పెన్సిళ్లు గుచ్చినట్లు, వేలాది ఊపిరివేళ్లను పంపుతాయి. పొన్నజాతి చెట్టు కొమ్మల నుండి ఊడలు దించి పందిరి గుంజల మీద నిలబడుతుంది. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి కాయలా వేలాడి, పడినప్పుడు బురదలో నిలువుగా గుచ్చుకొంటుంది. ఆటుపోట్ల మధ్య కొట్టుకొనిపోకుండా ఇదొక ఉపాయం. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే చూపు పోతుందని పల్లెవారు దూరంగా ఉంటారు. చలికాలం తరువాత దాని ఆకులు ఎర్రబడి అడవికే అందం తెస్తుంది. ఈ వేళ్లన్నీ కలిసి వచ్చిన ఒండ్రును పట్టి ఆపుతాయి. ఆగిన ఒండ్రు మీద మరో వరుస చెట్లు. రేవును పూడ్చిన బురదే అడవికి నేల అయింది. మనం పలకల బాట మీద నిలబడి ఆదిమమని భ్రమించే అడవిలో చాలా భాగం రేవు కంటే చిన్నది. హోప్ ఐలాండ్ సంగతి మరీ చిత్రం: దాని వయసు రెండు వందల ఏళ్లకు అటూ ఇటూ. కోరంగికి ఓడలు రాకపోకలు సాగించిన తొలిరోజులలో అది లేదు.

బావురుపిల్లి అనే చేపలు పట్టే పిల్లి ఈ అడవికి ప్రత్యేకం. ఇళ్లలోని పిల్లికి రెండింతలు ఉంటుంది, నీటికి భయపడదు. నీటికుక్కలు గుంపులుగా ఈదుతాయి. శీతకాలంలో ఉత్తరాన మంచు దేశాల నుండి ఉల్లంకి జాతుల పక్షులు వచ్చి బురదమేటల మీద దిగుతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఏటా వస్తాయి. ఇవన్నీ చెప్పుకొనేటప్పుడు అక్కడి పల్లెకారులను మరువరాదు. పొయ్యికి మడకర్ర, పశువులకు మడ ఆకు, ఇంటికి వాసాలు, వలకు చేప, ఎండ్రకాయ, ఇదీ వారికి అడవి. 1978 తరువాత అడవి ప్రభుత్వానిదయింది. కొంతకాలం ఘర్షణ సాగింది. 1990 దశకంలో రొయ్యల చెరువుల వరద వచ్చి తీరమంతా కట్లు వేసుకొన్నది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమండలంలో అటువంటి చెరువులను తీసివేయవలసినదని తీర్పు చెప్పింది. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు పల్లెల సమితులతో కలిసి, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీటిని ఎండిన మడనేలకు చేర్చి, మళ్లీ మొక్కలు నాటించారు. ఆ కాలువలు తవ్వినవి పల్లెవారి చేతులే. అడవిని కాపాడేందుకు ఇంతకంటే మంచి పద్ధతి మరొకటి నాకు కనబడలేదు.

అంతలో, 1996 నవంబరు 6న, తీరం మరొక పరీక్ష పెట్టింది. కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారులు వేటకు పోయి సముద్రంలోనే ఉండిపోయారు. ఒడ్డున మడ అడవి అడ్డంగా ఉన్నచోట అల శక్తి తగ్గింది. కాకినాడకు హోప్ ఐలాండ్ డాలుగా నిలిచింది. 1787లో కోరంగికి లేని డాలు అది. ఇది తెలిసిన పిమ్మట కూడా, 2020 ప్రాంతంలో కాకినాడ పట్టణం అంచున మడనేలను ఇళ్ల స్థలాల కోసం చదునుచేసిన ఉదంతం జరిగి జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు వెళ్లింది. పేదలకు ఇళ్లు కావలసినదే. ఉప్పెన దారిలో కట్టి ఇవ్వడం మాత్రం వారికి ఉపకారం కాదు.

నా విద్యార్థికి నేను రాసిన జవాబులో ముఖ్యభాగం ఇది. నార్వేలో వెనుకటి మంచు బరువు దిగిపోయినందున నేల నేటికీ చాలా చోట్ల ఏటికి కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తున్నది. అక్కడి తాతగారి పడవ రేవు మనుమని నాటికి మెట్ట ఎక్కుతుంది. గోదావరి ముఖం దానికి తిరగబడ్డది. డెల్టా అన్నది తన బరువుకు తానే అణగుతూ ఉండే నేల. ఏటా కొత్త ఒండ్రు పడితేనే సముద్రంతో సమానంగా నిలుస్తుంది. ఎగువన ఆనకట్టలు, జలాశయాలు ఆ ఒండ్రును పట్టుకొంటున్నాయి. 1970 నుండి మూడు దశాబ్దాలలో గోదావరి సముద్రానికి చేర్చే మట్టి సగానికి పైగా తగ్గినదని విశాఖ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అదే కాలంలో డెల్టా అంచు పెరగడం మాని కోతకు లోనయింది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో సముద్రం ఏటా ఇళ్లను, బాటను తింటూనే ఉన్నది. ధవళేశ్వరం నీరు మనకు అన్నం పెట్టింది. ఆ మాట కాదనగల తెలుగువాడు లేడు, నేను అసలే కాదనను. అయితే నీటితో పాటు మట్టికి కూడా హక్కుదారు ఉన్నాడని, అతడు తీరం అని, నీటి పంపకాల కాగితాలలో ఎక్కడా కనబడదు. మట్టి ఎక్కువై రేవు పోయింది. మట్టి తక్కువై అడవి పోరాదు.

చూడదగిన తీరాలు మనకు ఇంకా ఉన్నాయి. సూళ్లూరుపేట దగ్గర పులికాటు సరస్సు, పక్కనే గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం. కృష్ణా ముఖాన మరొక మడ అడవి. తీరానికి కొంచెం లోపలగా కొల్లేరు. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చెరువుగట్లు కూలగొట్టారు, అది వేరే పెద్ద కథ. వాటిని గురించి మరొకసారి.

కోరంగి వెళ్లదలచినవారు నవంబరు చివరి నుండి ఫిబ్రవరి లోపల వెళ్లండి. ఎండ ఓర్చుకోగలరు, వలస పక్షులూ ఉంటాయి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు వెళ్లకండి. ఆటు వేళకు చేరుకొంటే ఊపిరివేళ్లు, ఎండ్రకాయలు కనబడతాయి; పోటు వేళకైతే పడవ లోపలి పాయలలోకి పోగలదు. కాకినాడలో ఏ పల్లెకారుని అడిగినా ఆనాటి ఆటుపోట్ల వేళలు చెబుతాడు, తిథిని బట్టి వేళ్ల మీద లెక్కకట్టి. చొల్లంగి దాటేటప్పుడు బస్సు కిటికీ నుండి తుల్యభాగను చూడడం మరువకండి. చిన్న కాలువలా ఉంటుంది, కనురెప్ప వేసేలోపు దాటిపోతుంది.